మీరా ముఖర్జీ: బస్తర్ కొలిమి నేర్పిన మహాశిల్పం

స్వతంత్ర భారతదేశంలో లోహంతో భారీ మూర్తులను రూపొందించిన తొలితరం మహిళా శిల్పుల్లో మీరా ముఖర్జీ అగ్రగణ్యురాలు. 1923లో కోల్‌కతాలో జన్మించి, 1998లో కన్నుమూసిన ఆమె తన శిల్పభాషను ఏ మహానగరంలోనూ కనుగొనలేదు. నేటి ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ అడవి పల్లెల్లో, ఘడ్వా అనే లోహపు పోత కళాకారుల ముంగిళ్లలో కనుగొన్నారు. జర్మనీలో ఉన్నత శిక్షణ పొంది వచ్చిన శిల్పి, కళాశాల ముఖం చూడని వృత్తికారుల దగ్గర మళ్లీ తొలి పాఠం నుంచి విద్యార్థినిగా చేరారు. అరచేతిలో ఇమిడే బొమ్మలు చేసే ఆ పద్ధతిని నిలువెత్తు మనిషిని మించిన విగ్రహాల దాకా తీసుకువెళ్లారు. 1992లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

భిలాయ్‌లో నివసించే తెలుగువారికి ఈ కథ మూడు విధాల దగ్గరిది. ఆమె గురువుల నేల వారుండే రాష్ట్రంలోనే ఉంది. ఆమె జీవితమంతా వారి ఊరికి ప్రాణమైన నిప్పు, లోహం చుట్టూ తిరిగింది. ఆమె చేపట్టిన పోతవిద్యకు సోదర సంప్రదాయం తెలంగాణలోని ఆదిలాబాద్ అడవుల్లో నేటికీ సజీవంగా ఉంది.

బాల్యం, తొలి శిక్షణ

మీరా ముఖర్జీకి చిత్రకళలో తొలి శిక్షణ అవనీంద్రనాథ్ టాగూర్ పేరుతో ముడిపడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ పాఠశాలలో లభించింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. 1941లో వివాహం కావడంతో ఆ చదువు ఆగిపోయింది. ఆ వివాహబంధం నిలవలేదు. మధ్యతరగతి కుటుంబాల్లో విడాకులు అరుదుగా వినిపించే కాలంలో ఆమె తిరిగి విద్యార్థిని అయ్యారు. ఢిల్లీ పాలిటెక్నిక్‌లో చిత్రలేఖనం, ముద్రణకళ, శిల్పం అభ్యసించి డిప్లొమా పొందారు. ఇండోనేషియా చిత్రకారుడు అఫాండీ శాంతినికేతన్‌కు వచ్చినప్పుడు ఆయనకు సహాయకురాలిగా పనిచేశారు.

1953లో లభించిన ఉపకార వేతనంతో జర్మనీలోని మ్యూనిక్ లలితకళల అకాడమీలో చేరారు. చిత్రకారిణిగా అక్కడికి వెళ్లిన ఆమె శిల్పిగా తిరిగి వచ్చారు. టోని స్టాడ్లర్, హైన్రిష్ కిర్ష్‌నర్ ఆమెకు అక్కడి గురువులు. యూరప్ శిల్పాన్ని అనుకరించవలసిన అగత్యం లేదని, స్వదేశపు సంప్రదాయంలోనే తన మూలాలను వెతుక్కోవాలని స్టాడ్లర్ ఆమెను ప్రోత్సహించారు. ఆ మాట ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది.

అయితే ఆ మూలాలు ఎక్కడున్నాయన్నది సులభంగా తేలే ప్రశ్న కాదు. 1950లలో భారతీయ శిల్పకళ రెండు దారుల మధ్య నిలిచి ఉంది. ఒక వైపు బ్రిటిష్ పాలనలో స్థిరపడిన పాశ్చాత్య శైలి విగ్రహాలు, మరో వైపు ప్రాచీన ఆలయశిల్పాన్ని ఆదర్శంగా చూపే ధోరణి. ఈ రెండింటిలోనూ సమకాలీన పల్లె వృత్తికారునికి చోటు లేదు. స్వదేశానికి వచ్చాక మీరా ముఖర్జీ కొంతకాలం కుర్సియాంగ్‌లోనూ, ఆ తరువాత కోల్‌కతాలోనూ పాఠశాలల్లో కళాబోధన చేశారు. స్థిరమైన జీతం వచ్చే ఆ ఉద్యోగాన్ని విడిచి, వృత్తికారుని వెతుక్కుంటూ బయలుదేరారు.

బస్తర్‌లో కొత్త చదువు

1961 నుంచి 1964 వరకు భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ తరఫున దేశంలోని సంప్రదాయ లోహకారుల పనితీరును అధ్యయనం చేసే బాధ్యతను ఆమె నిర్వహించారు. ఆ అధ్యయన ఫలితాలు తరువాత ‘మెటల్‌క్రాఫ్ట్స్‌మెన్ ఆఫ్ ఇండియా’ అనే గ్రంథంగా 1978లో వెలువడ్డాయి. ఏ ప్రాంతంలో ఏ మట్టి వాడతారు, మైనంలో ఏమి కలుపుతారు, కొలిమి ఎలా కడతారు, పని కుటుంబసభ్యుల మధ్య ఎలా పంచుకుంటారు అనే విషయాలను పనిచేసే మనిషి దృష్టితో నమోదు చేయడం ఆ పరిశీలన విశిష్టత.

బస్తర్ ఆమెకు కేవలం సర్వే ప్రదేశం కాలేదు. ఘడ్వాల మధ్య నివసించి, వారి చేతిపనిని తన చేతులతో నేర్చుకున్నారు. ఘడ్వాలు గోండు, మురియా, మారియా తదితర ఆదివాసీ సమాజాలకు కావలసిన దేవతామూర్తులు, గంటలు, దీపాలు, ఆభరణాలు, ఏనుగులు, గుర్రాల బొమ్మలు పోతపోసే వృత్తికారులు. రాయపూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలోని కొండగావ్ ఈ కళకు నేటికీ ముఖ్య కేంద్రం. అదే 30వ నంబరు జాతీయ రహదారి కొంటా మీదుగా తెలుగు నేలలో ప్రవేశించి, భద్రాచలం దాటి, విజయవాడ పొరుగున ఉన్న ఇబ్రహీంపట్నం వద్ద ముగుస్తుంది.

ఆ కాలాన్ని భిలాయ్ చరిత్ర పక్కన నిలిపి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల ఇనుప రాయి కరిగి, పట్టాలుగా మారి, దేశమంతటా పరుచుకోవడం మొదలైన ఆ సంవత్సరాల్లోనే, అదే ప్రాంతపు దక్షిణాన ఒక మహిళ మట్టినేలపై కూర్చుని మైనపు దారం పేనడం నేర్చుకుంటున్నారు. అప్పటికి ఈ రెండు చోట్లూ మధ్యప్రదేశ్‌లో భాగాలు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. దేశం తన భవిష్యత్తును ఫర్నేసులో వెతుకుతున్న వేళ, ఆమె పల్లె కొలిమిలో తన కళకు మార్గం వెతికారు. రెండింటిలోనూ జరిగేది ఒకటే: నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, కరిగిన లోహం మనిషి కోరిన రూపం తీసుకుంటుంది.

మైనం తొలగిన చోట లోహం

ఘడ్వాల పద్ధతిని సంస్కృత గ్రంథాలు ‘మధూచ్ఛిష్ట విధానం’ అన్నాయి. మధూచ్ఛిష్టం అంటే తేనె తీయగా మిగిలిన మైనం. పన్నెండో శతాబ్దపు చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ ఈ విధానాన్ని వివరించింది. మొహెంజొదారోలో దొరికిన సుమారు 10.5 సెంటీమీటర్ల నర్తకి బొమ్మ కూడా ఈ తరహా పోతపనే. అంటే ఈ విద్య వయస్సు నాలుగు వేల ఏళ్లకు పైమాటే.

పని మట్టితో మొదలవుతుంది. వరిఊక, పేడ వంటివి కలిపిన మట్టితో ముందుగా లోపలి రూపాన్ని చేసి ఆరబెడతారు. తేనెమైనాన్ని దారాలుగా సాగదీసి, ఆ మట్టిరూపం చుట్టూ వరుసగా చుడతారు. కళ్లు, నగలు, జుట్టు, వస్త్రం అన్నీ మైనపు దారంతోనే తీర్చుతారు. బస్తర్ బొమ్మల ఒంటిమీద కనిపించే సన్నని గీతల అల్లిక ఈ దారాల గుర్తే. దానిపై మొదట మెత్తని మట్టిపూత, తరువాత పుట్టమన్ను కలిపిన దళసరి పూతలు వేసి, లోహం పోయడానికి ఒక దారి వదులుతారు.

అచ్చును కాల్చినప్పుడు మైనం కరిగి బయటికి పోతుంది లేదా మట్టిలో ఇంకి ఆవిరవుతుంది. తేనెమైనం సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. మైనం ఖాళీ చేసిన సన్నని చోటులోకి మూసలో కరిగించిన ఇత్తడి ప్రవహిస్తుంది. చల్లారిన తరువాత మట్టిని పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు పగిలిపోతుంది గనుక అదే బొమ్మ రెండోసారి రాదు. పోత విఫలమైతే మొత్తం పని మళ్లీ మట్టి నుంచి మొదలుపెట్టాలి.

చిన్న బొమ్మను పెద్దది చేయడంలోని కష్టం

ఈ పద్ధతిలో భారీ విగ్రహం చేయడం కొలతలు పెంచినంత సులభం కాదు. ఒక రూపం ఎత్తును రెట్టింపు చేసి, అదే నిష్పత్తిలో వెడల్పు, మందం కూడా పెంచితే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. అంత మట్టి అచ్చు తన బరువుకు తానే బీటలు వారవచ్చు. పలుచని చోట్ల లోహం దూరం వెళ్లకముందే గడ్డకట్టవచ్చు. లోపల చిక్కుకున్న గాలి తప్పుకునే దారి లేకపోతే పోతలో రంధ్రాలు పడతాయి. లోహం చల్లారుతూ కుంచించుకుపోయేటప్పుడు మందమైన చోటుకూ పలుచని చోటుకూ మధ్య పగుళ్లు రావచ్చు.

మీరా ముఖర్జీ ఈ సమస్యను రెండు విద్యలను కలిపి పరిష్కరించుకున్నారు. పెద్ద మూర్తిని భాగాలుగా పోతపోసి, ఆ తరువాత కలపడం ఒకటి. ప్రతి భాగం పైతలంలోనూ మైనపు పట్టీలు, దారాలు, అలంకారాలు చేతితో అద్ది, బస్తర్ పనిలోని స్పర్శను నిలుపుకోవడం మరొకటి. అందుకే ఆమె విగ్రహాలు దూరం నుంచి ఒకే పెద్ద కదలికలా కనిపిస్తాయి. దగ్గరికి వెళితే చర్మం మీద చేతిముద్రలు, గీతలు, అతుకులు, చిన్న చిన్న బుడిపెలు పలకరిస్తాయి. ఆ అతుకులను పూర్తిగా నునుపు చేసి దాచాలని ఆమె అనుకోలేదు. పని జరిగిన తీరు కూడా శిల్పంలో భాగమన్నది ఆమె దృష్టి.

ఇంత పని ఒక్కరి వల్ల కాదు. కోల్‌కతా శివార్లలోని పల్లెలో స్థానిక సహాయకులతో కలిసి ఆమె పోతపనులు సాగించారు. కొలిమి వేడి, మట్టి మోత, బరువైన లోహం ఆడవారికి తగిన పని కాదన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజుల్లో ఆమె నిప్పు పక్కనే నిలబడి పని నడిపించారు.

కళింగలో అశోకుడు

ఆమె భారీ కృతుల్లో అత్యంత ప్రసిద్ధమైనది ‘కళింగలో అశోకుడు’. 1972 నాటి ఈ కంచు విగ్రహం నేడు న్యూఢిల్లీలోని ఐటీసీ మౌర్య హోటల్ ఉద్యానంలో ఉంది.

మన ఊళ్ల కూడళ్లలో నిలిచే రాజుల విగ్రహాలు సాధారణంగా విజయాన్ని చాటుతాయి. గుర్రం ముందుకాళ్లు ఎత్తుతుంది, కత్తి ఆకాశాన్ని చూపిస్తుంది. మీరా ముఖర్జీ ఎంచుకున్న ఘట్టం వేరు. యుద్ధంలో గెలిచిన చక్రవర్తి ఆ గెలుపు మూల్యాన్ని చూసిన క్షణాన్ని ఆమె శిల్పంగా మలిచారు. దేహంలో సామ్రాజ్యపు బలం ఉంది, మనస్సు మాత్రం ఆ బలాన్ని ప్రశ్నించడం మొదలుపెట్టింది. హింసపై నిరసనగా ఆమె ఈ విగ్రహాన్ని చూశారు. తూర్పు పాకిస్తాన్ యుద్ధం, శరణార్థుల ప్రవాహం, సొంత నగరంలో రాజకీయ హత్యలు చూసిన కోల్‌కతాలో 1970ల ఆరంభాన ఈ విషయానికి ఎంత బరువుందో ఊహించవచ్చు.

తెలుగువారికి ఇక్కడ మరో ముడి ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో ప్రకటించాడు. కళింగ నేలమీది ధౌళి, జౌగడ శాసనాల్లో ఆ భాగం లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద మాత్రం పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ చెక్కి ఉన్నాయి. ఓడిన వారి ముందు చెప్పని మాటను చక్రవర్తి మన గడ్డమీది రాతిలో చెప్పాడు. ఇరవై రెండు శతాబ్దాలకు పైగా గడిచాక మీరా ముఖర్జీ ఆ మాటకు కంచులో శరీరమిచ్చారు.

శ్రమజీవుల లోకం

చక్రవర్తిని మలిచిన చేతులే సామాన్యులనూ మలిచాయి. జాలరులు, నేతగాళ్లు, బావుల్ గాయకులు, వాద్యకారులు, కిక్కిరిసిన మినీబస్సు ప్రయాణికులు, యాత్రికులు, ఊరేగింపుగా కదిలే జనం ఆమె శిల్పాలకు వస్తువులు. 1986 నాటి ‘ఆందోళన్’లో గుంపుగా సాగే మనుషులే శిల్పం. రోజువారీ పనిలోనే మనిషి తనను తాను దాటిపోగలడన్నది ఆమె విశ్వాసం. సంగీతంపై ఆమెకున్న ప్రేమ కూడా ఈ మూర్తుల్లో వ్యక్తమవుతుంది. వంగిన వెన్ను, చాచిన చేయి, అలలా సాగే వస్త్రం ఒకే లయను అనుసరిస్తాయి.

ఆమె పిల్లల కోసం కథలు రాసి, బొమ్మలు వేశారు. పల్లె స్త్రీలతోనూ పిల్లలతోనూ కాంథా కుట్టుపని చేయించారు. చివరి దశలో ఒక భారీ బుద్ధ విగ్రహంపై పనిచేస్తుండగా 1998లో ఆమె మరణించారు. కళింగలో కత్తి దించిన రాజు నుంచి బుద్ధుని వరకు సాగిన ప్రయాణం అలా ముగిసింది.

కళాకారిణా, వృత్తికారిణా?

1968లో ఆమెకు లభించిన రాష్ట్రపతి పురస్కారం లోహశిల్పంలో నిపుణ వృత్తికారులకు ఇచ్చేది. మ్యూనిక్‌లో చదివిన కళాకారిణికి ఈ గుర్తింపు రావడంలో గొప్ప అర్థముంది. మన సమాజం కళాకారుని ఒక మెట్టుమీద, వృత్తికారుని మరో మెట్టుమీద నిలబెడుతుంది. ఒకరి పని ప్రదర్శనశాలకు చేరుతుంది, మరొకరి పని సంతకు చేరుతుంది. ఒకరి పేరు శిల్పం కింద ఉంటుంది, మరొకరి పని ప్రాంతం పేరుతోనో కులం పేరుతోనో చలామణి అవుతుంది.

మీరా ముఖర్జీ ఈ మెట్లను అంగీకరించలేదు. వృత్తికారులందరినీ విశ్వకర్మ సంతతిగా భావించి, తానూ ఆ వరుసలోనిదాన్నేనని నమ్మారు. 1994లో వెలువడిన ఆమె గ్రంథానికి ‘ఇన్ సెర్చ్ ఆఫ్ విశ్వకర్మ’ అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. ఆమె తన విద్యకు మూలమైన వారిని గ్రంథస్థం చేశారు, గౌరవించారు. కానీ కళాచరిత్ర ఆమె పేరును గుర్తుంచుకున్నంతగా ఆమెకు మైనపు దారం పట్టడం నేర్పిన బస్తర్ గురువుల పేర్లను గుర్తుంచుకోలేదు. ఇది ఆమె లోపం కన్నా చరిత్ర రాసే పద్ధతిలోని లోపం. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ వంటి ఘడ్వా కళాకారులు తరువాతి కాలంలో స్వంత పేరుతో దేశవిదేశాల్లో గుర్తింపు పొందడం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది.

సమకాలికులు

మీరా ముఖర్జీతో పాటు 1923లోనే జన్మించిన ముంబై శిల్పి పీలూ పోచ్‌ఖానావాలా లోహపు తుక్కును అతికి నైరూప్య శిల్పాలు చేశారు. థాయ్‌లాండ్‌లో మిసియం యిప్పిన్‌సోయ్ నలభై ఏళ్లు దాటాక చిత్రలేఖనం నేర్చి, జాతీయ ప్రదర్శనల్లో స్వర్ణపతకాలు సాధించి, ఆ తరువాత శిల్పంలోకి వచ్చారు. 1906లో పుట్టి 1988లో మరణించిన ఆమె శిల్పాల ఉద్యానం బ్యాంకాక్ పొరుగున నఖోన్ పథోమ్‌లో ఉంది. వేర్వేరు దేశాలు, వేర్వేరు శైలులైనా, కుటుంబ జీవితంలో ఒక మలుపు తరువాతనో, వయస్సు కొంత గడిచాకనో, పురుషులదిగా భావించిన బరువైన పనిని ఈ మహిళలు చేపట్టారు.

నేటి వారసత్వం

బస్తర్ ఢోక్రాకు 2008లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా కుటుంబాలు గోండుల దేవతామూర్తులను, నెమలి రూపాలను, ఆభరణాలను ఇదే మైనపు పద్ధతిలో పోతపోస్తున్నాయి. గుర్తింపు పత్రం నకిలీల నుంచి పేరును కాపాడగలదు. తరువాతి తరం ఆ పనిలో నిలవాలంటే మాత్రం ఇత్తడి ధర, కట్టెల లభ్యత, బొమ్మకు దక్కే వెల అనుకూలించాలి. దళారి చేతుల మీదుగా సాగే అమ్మకంలో చేసినవారికి మిగిలేది తక్కువ.

భిలాయ్ సివిక్ సెంటర్‌లో ఉక్కు కర్మాగారం నిర్వహించే నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఊరి కూడళ్లలో లోహశిల్పాలున్నాయి. ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఫర్నేసు వెలుగును చూస్తూ పెరిగారు. వారిలో ఎవరైనా సెలవుల్లో జగదల్‌పూర్ బస్సెక్కితే దారిలో కొండగావ్ వద్ద దిగవచ్చు. ఒక ఇంటి ముందు మట్టిబొమ్మపై మైనపు దారం చుడుతున్న మనిషి కనిపిస్తే, కాసేపు నిలబడి పని చూసి, ఆ చేతుల యజమాని పేరు అడిగి తెలుసుకోవచ్చు. ఆరు దశాబ్దాల క్రితం మీరా ముఖర్జీ విద్యార్థినిగా కూర్చున్నది అటువంటి ముంగిట్లోనే.